కరెంటు బస్సు ఏ వేళకు వస్తుంది?

(మహిళా కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



హైదరాబాద్ రోడ్ల మీద కరెంటు బస్సులు పెరుగుతున్నాయి. పొగ లేదు, చప్పుడు తక్కువ. బస్టాపుల్లో గంటల తరబడి డీజిల్ పొగ పీలుస్తున్న ఆడవాళ్లకు ఇది మేలే. నేను ఈ బస్సులకు వ్యతిరేకిని కాను. అయితే బస్సుకు ఛార్జింగ్ ఎప్పుడు, ఎక్కడ పెడతారన్నది ఇంజనీర్ల వ్యవహారమని మనం వదిలేయకూడదు. మన ప్రయాణ హక్కు అక్కడే తేలుతుంది.

ముందు లెక్క చూద్దాం. డీజిల్ ట్యాంకు నింపడం నిమిషాల పని. కరెంటు బస్సు అలా కాదు. బ్యాటరీ 250 యూనిట్లది అనుకోండి. పెద్ద బస్సు కిలోమీటరుకు ఒక యూనిట్ పైనే తింటుంది. ఏసీ వేస్తే, ట్రాఫిక్‌లో చిక్కుకుంటే ఇంకా ఎక్కువ. అంటే దాదాపు 200 కిలోమీటర్లకు మళ్లీ ఛార్జింగ్ పెట్టాలి. 120 కిలోవాట్ల ఛార్జర్‌తో కూడా పూర్తిగా నిండడానికి రెండు గంటల పైన పడుతుంది. ఒకేసారి 50 బస్సులకు పెట్టాలంటే డిపోకు 6,000 కిలోవాట్ల కరెంటు రావాలి. అంటే హైటెన్షన్ లైను, ట్రాన్స్‌ఫార్మర్లు, స్థలం అన్నీ కావాలి. అవి చాలకపోతే బస్సులు డిపోలోనే వరసలో నిలబడతాయి. మనం స్టాపులో నిలబడతాం.

రాత్రి నింపిన బస్సు పొద్దుటి రద్దీ మోసి మధ్యాహ్నం మళ్లీ ఛార్జింగుకు వెళుతుంది. ఎండ గంటల్లో సోలార్ కరెంటు ఉంటుంది కాబట్టి అప్పుడు ధర తగ్గించాలని 2023లో కేంద్రం నిబంధనలు సవరించింది. అందువల్ల మధ్యాహ్నం బస్సులు ఆపుకోవడం లెక్కలకు అనుకూలంగానే కనబడుతుంది. 'ఆ టైములో జనం ఉండరు కదా' అంటారు. ఎవరు ఉండరు? ఆఫీసుకు పోయేవాళ్లు ఉండరు. రెండిళ్లలో అంట్లు తోమి మూడో ఇంటికి పోయే ఆమె, బిడ్డను ఆస్పత్రికి తీసుకుపోయే తల్లి, కూరగాయల గంపతో తిరిగి వచ్చే ముసలమ్మ ఉంటారు. తెల్లవారుజామున రోడ్లు ఊడ్చడానికి పోయే కార్మికురాలికి మొదటి బస్సే ఆధారం. రాత్రి ఛార్జింగ్ ఆలస్యమైతే ఆమెకు ఆ పూట కూలి పోతుంది.

రెండో సంగతి. తెలంగాణలో 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి ఉచిత ప్రయాణం మొదలైంది. నగరంలో అది సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులకే వర్తిస్తుంది. ఏసీ బస్సులో జీరో టికెట్ లేదు. 2019లో నగరానికి వచ్చిన 40 కరెంటు బస్సులు విమానాశ్రయానికి నడిచే ఏసీ బస్సులే. ఏసీ లేని కరెంటు మెట్రో ఎక్స్‌ప్రెస్‌లు 2024లో వచ్చాయి. కాబట్టి 'ఎన్ని కొత్త బస్సులు?' అని అడిగితే చాలదు. 'అందులో మేం ఎక్కగలిగేవి ఎన్ని?' అని అడగాలి.

మూడోది కాంట్రాక్టు. ఈ బస్సుల్లో ఎక్కువ భాగం ప్రైవేటు కంపెనీలవి. నడిపిన కిలోమీటరుకు ఇంత అని ఆర్టీసీ కంపెనీకి చెల్లిస్తుంది. డ్రైవరు కంపెనీ మనిషి, కండక్టరు ఆర్టీసీ ఉద్యోగి. ఛార్జింగ్ సంగతి అడిగితే ఒకరు రెండోవారి మీదకు నెట్టడానికి ఈ ఏర్పాటు బాగా పనికొస్తుంది. కానీ రూట్లూ, వేళలూ నిర్ణయించే అధికారం ఆర్టీసీదే. జవాబు చెప్పాల్సింది కూడా ఆర్టీసీయే.

మనం చేయవలసింది ఇది. బస్తీ సంఘాల్లో వారం రోజులు ఒక నోటు పుస్తకంలో ఏ రూటులో ఏ గంటకు ఎంతసేపు బస్సు రాలేదో రాయండి. సమాచార హక్కు చట్టం, 2005 కింద పది రూపాయల రుసుముతో కాంట్రాక్టు నకలు, బస్సుల వేళలు, ఛార్జర్ల సంఖ్య అడగండి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఆ రుసుము కూడా లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని డిపో మేనేజరు దగ్గరికి గుంపుగా వెళ్లండి.

ఒక రూటు బస్సులన్నిటినీ ఒకేసారి ఛార్జింగుకు పంపవద్దని, మొదటి బస్సు, ఆఖరి బస్సు తప్పకూడదని అడుగుదాం. ఛార్జింగ్ పెట్టే చోట మహిళా కండక్టర్లకు మరుగుదొడ్డి, దీపం, కూర్చునే చోటు కావాలని అడుగుదాం. ఛార్జర్ల నిర్వహణ పనిలో ఆడపిల్లలకు శిక్షణ, ఉద్యోగం కావాలని అడుగుదాం.

టికెట్ ఉచితం కావడం ఒక గెలుపు. మనకు అవసరమైన వేళకు బస్సు వచ్చినప్పుడే ఆ గెలుపు మన చేతికి అందుతుంది.