లేచి నిలబడేది ఎవరి కోసం?

(అంబేద్కర్ జయంతి సందర్భంగా పల్లెలో జరిగిన సభలో చేసిన ప్రసంగం)



ఈ సభకి కుర్చీలు తెప్పించాం. చూడండి, ముందు రెండు వరసలూ ఖాళీ. మనోళ్లంతా వెనక నేలమీద కూర్చున్నారు. కుర్చీల్లో కూర్చోవద్దని ఇవాళ ఎవరూ అనలేదు. మరి మనల్ని ఆపిందెవరు?

భూమి గురించి, కూలి గురించి, కేసుల గురించి ఎప్పుడూ మాట్లాడుకుంటాం. మాట్లాడాలి కూడా. ఇవాళ మన లోపలికి కాస్త తొంగిచూద్దాం. ఆసామి వీధిలో వస్తుంటే మంచం మీంచి మన్ని లేపుతున్నదెవరు? భుజం మీది తువ్వాలు నడుముకి ఎప్పుడు జారింది? మనకే తెలీదు. తాత లేచాడు, నాన్న లేచాడు, మన కాళ్లూ వాటంతటవే లేస్తున్నాయి. పెద్దవాళ్లకి మర్యాద చెయ్యాల్సిందే. కానీ మన పేటలో ఎనభై ఏళ్ల ముసలాయన వస్తే లేవని కాళ్లు, ఆసామిగారి ఇరవై ఏళ్ల కొడుక్కి లేస్తే దాన్ని మర్యాద అనలేం. అది భయం.

మా సంగతీ చెప్పాలి. మా ఇంట్లో డిగ్రీ చదివింది మేమే మొదలు. పంతులు ఉద్యోగం వచ్చి టౌన్లో అద్దె ఇల్లు అడగబోతే, ఇంటాయన "మీరేంట్లు?" అన్నాడు. "బడిపంతుల్నండీ" అని మాట దాటేశాం. ఇల్లు దొరికింది. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ గోడకి బాబాసాహెబ్ పటం పెట్టలేదు. అమ్మ వస్తానంటే, ఆమె మాటతీరు పట్టిస్తుందేమోనని "సెలవులకి మేమే వస్తాంలే అమ్మా" అన్నాం. కూలికెళ్లి చదివించిన అమ్మనే దాచాం. కులం అడగడం ఆయన తప్పు. అమ్మని దాచడం మా తప్పు. ఈ రెంటినీ వేరుచేసి చూడ్డానికి మాకు చాలా ఏళ్లు పట్టింది.

బాబాసాహెబ్ అమెరికాలో, లండన్లో చదివి 1917లో బరోడా ఉద్యోగానికి వెళ్లారు. ఉండటానికి చోటు దొరక్క పారశీ పేరు చెప్పుకొని ఒక సత్రంలో దిగారు. పదకొండో రోజున కర్రలు పట్టుకొచ్చి వెళ్లగొట్టారు. పార్కులో కూర్చుని ఏడ్చారాయన. అంత చదువూ అవమానాన్ని ఆపలేకపోయింది. తర్వాత ఆ సంగతిని, పేరు మార్చి చెప్పుకున్న మాటతో సహా, దాచకుండా రాసిపెట్టారు. పదేళ్లకి, 1927 మార్చి 20న, వేలమందితో మహద్ చెరువుకి నడిచి నీళ్లు తాగారు. తనని తాను దాచుకోని మనిషి వెనకే జనం నడుస్తారు.

కారంచేడు గుర్తుందిగా! 1985 జులైలో మంచినీళ్ల చెరువు దగ్గర గేదెల కుడితి బక్కెట్టు కడగొద్దన్న కుర్రాణ్ణి కొడితే, మున్నంగి సువార్తమ్మ చేతిలోని బిందె ఎత్తింది. ఆమె ఏ కాలేజీలో చదివింది? 'ఇవి మేం తాగే నీళ్లు' అన్న ఎరుకే ఆ చెయ్యి లేపింది. దానికి మనవాళ్లు ఆరుగురు ప్రాణాలిచ్చారు. ఎరుక అంత తేలికైన వస్తువు కాదు.

ఇంకో చేదు మాట. ఆసామి ముందు వంగిన నడుము ఇంటికొచ్చి ఎవరి మీద లేస్తోంది? ఇంటి ఆడమనిషి మీద. హోటల్లో రెండు గ్లాసులు పెడితే కొట్లాడాం, మంచిదే. మాలపల్లెకీ మాదిగపల్లెకీ మధ్య మనమే పెట్టుకున్న రెండో గ్లాసు మాటేంటి?

అందుకే రోజూ రాత్రి అన్నం తిన్నాక రెండు ప్రశ్నలు వేసుకుందాం. ఇవాళ నేను ఎవరి ముందు వంగాను? నా ముందు ఎవర్ని వంచాను? పిల్లల ముందే అడుక్కుందాం. వాళ్లూ నేర్చుకుంటారు.

ఒక్కరోజులో పోయే అలవాటు కాదిది. లేవబోయి, గుర్తొచ్చి, కూర్చుండిపోతే మొదటిరోజుకి అది చాలు. పనికి పిలవరేమోనన్న భయం నిజమే. ఒక్కడే కూర్చుంటే పొగరంటారు, పేటంతా కూర్చుంటే ఏమంటారు? సంఘం ఉన్నది అందుకే. 1989లో అత్యాచారాల నిరోధక చట్టం తెచ్చుకున్నాం. స్టేషన్ దాకా నడిచి కంప్లైంటు రాయించే మనిషి లేకపోతే అది కాగితమే. ఆ మనిషి తయారయ్యేది మన మంచం మీద, మన వంటింట్లో.

ఇప్పుడు అందరూ లేవండి. ఈసారి ఏ ఆసామి కోసమూ కాదు. ముందుకొచ్చి కుర్చీల్లో కూర్చోండి. అక్కలు ముందు రండి.

జై భీమ్!