మన పట్టణంలో అందరికీ సరిపడే ఇళ్లు: మనం ఏం అడగాలి?

(పట్టణ సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



పొద్దుటి నుంచి పొదుపు లెక్కలు, అప్పుల లెక్కలు విన్నాం. అప్పు అడిగేటప్పుడు మనం చెప్పే కారణాల్లో ఇల్లు ఎప్పుడూ ఉంటుంది. అడ్వాన్సు కట్టాలి, రేకులు మార్చాలి, శ్లాబు వేయాలి అంటాం. అందుకే ఈసారి ఇళ్ల సంగతి మాట్లాడుకుందాం.

ఇల్లు అనగానే మనకు ఒకటే గుర్తొస్తుంది. ఒక పట్టా, ఆ స్థలంలో ఒక శ్లాబు ఇల్లు. కానీ మన సంఘాల్లో ఎవరెవరు ఉన్నారో ఒకసారి చూడండి. అత్తమామలు, పిల్లలు కలిసి ఏడుగురున్న కుటుంబాలు ఉన్నాయి. భర్త పోయి ఒంటరిగా ఉంటున్న పెద్దమ్మలు ఉన్నారు. బట్టల షాపుల్లో పనిచేస్తూ ఒక గదిలో నలుగురు సర్దుకునే ఆడపిల్లలు ఉన్నారు. తెల్లవారుజామున నాలుగింటికి కూరగాయల మార్కెట్‌కు వెళ్లాల్సినవాళ్లు ఉన్నారు. వీళ్లందరికీ ఒకే కొలత ఇల్లు, ఒకే చోట ఇస్తే సరిపోతుందా?

మన రాష్ట్రంలో 2020 డిసెంబరు 25న మొదలుపెట్టి సుమారు 30 లక్షల మంది ఆడవాళ్ల పేరు మీద ఇళ్ల పట్టాలు ఇచ్చారు. పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు. ఆస్తి ఆడదాని పేరు మీదకు రావడం చిన్న విషయం కాదు. సెంటు అంటే 48 గజాల పైచిలుకు. చిన్న కుటుంబానికి అది చాలు, పెద్ద కుటుంబానికి ఇరుకు. టిడ్కో ఇళ్లు 300, 365, 430 చదరపు అడుగులని మూడు రకాలు కట్టారు. కొలతలు వేరే అయినా మూడూ అపార్ట్‌మెంట్లే. కుట్టుమిషన్, ఇస్త్రీ బండి, రెండు మేకలు ఉన్న మనిషి మూడో అంతస్తులో ఎట్లా బతుకుతుంది?

ఇక దూరం. ఊరికి ఏడెనిమిది కిలోమీటర్ల అవతల ఇల్లు వచ్చిందనుకుందాం. ఆటోకు రానూపోనూ 60 రూపాయలైతే, 25 పనిరోజులకు 1,500 అవుతుంది. అద్దె మిగిలిందని సంతోషపడేలోపే సగం డబ్బు ఆటోకు పోతుంది. చీకటి పడ్డాక ఆటో దొరక్కపోతే ఆ పనే వదులుకోవాలి. కాబట్టి ఇల్లు ఎంతకు వస్తుందని అడిగితే చాలదు, ఎక్కడ వస్తుందని కూడా అడగాలి.

మన మున్సిపాలిటీ ఏం చేయగలదు? మాకు తోచినవి నాలుగు చెబుతాం.

ఒకటి, ఉన్నచోటే హక్కు. ఒడిశా 2017లో చట్టం చేసి, మురికివాడల్లో ఉన్నవాళ్లకు వాళ్ల స్థలం మీదే హక్కు పత్రాలు ఇచ్చింది. ముందుగా గంజాం, పూరీ జిల్లాల చిన్న పట్టణాల్లో మొదలుపెట్టారు. గంజాంలో మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. ఆ పత్రం భార్యాభర్తలిద్దరి పేరు మీద ఉంటుంది. అమ్మడానికి లేదు, పిల్లలకు వారసత్వంగా వస్తుంది, ఇంటి అప్పుకు తాకట్టు పెట్టుకోవచ్చు. కాలువ గట్ల మీద ఉన్నవాళ్లకు అక్కడే పట్టా అడగలేం. వాళ్లకు దగ్గర్లోనే వేరే చోటు చూపించమని అడగాలి.

రెండు, సొంత స్థలంలో కట్టుకునేవాళ్లకు సులువు చేయడం. 2024లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ రెండో విడతలో, ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉండి, దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేనివాళ్లు సొంత స్థలంలో కట్టుకుంటే కేంద్రం లక్షన్నర ఇస్తుంది. రాష్ట్రం వాటా కనీసం లక్ష. తెలంగాణలో 2020 చట్టం వచ్చాక 75 గజాల లోపు స్థలంలో ఒక అంతస్తు పైన వేసుకున్నా అనుమతి కోసం తిరగక్కర్లేదు. ఒక్క రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. అట్లాంటి చోట కొడుకు పెళ్లయితే పైన ఒక గది వేసుకోవచ్చు, లేదా అద్దెకు ఇచ్చుకోవచ్చు.

మూడు, అద్దె ఇళ్లు. అందరికీ సొంతిల్లు ఇప్పుడే అక్కర్లేదు. అదే పథకంలో తక్కువ అద్దె ఇళ్ల భాగం కూడా ఉంది. ప్రభుత్వ డబ్బుతో కట్టి ఖాళీగా ఉన్న ఇళ్లను అద్దెకు మార్చవచ్చు, కొత్తవీ కట్టవచ్చు. పనిచేసే ఆడవాళ్లకు, వలస వచ్చినవాళ్లకు ఇది పనికొస్తుంది. బస్టాండు, మార్కెట్ దగ్గర మున్సిపల్ స్థలం ఉంటే అక్కడ ఇవే ముందు కట్టమందాం.

నాలుగు, ఇచ్చిన కాలనీలకు నీళ్లు, డ్రైనేజీ, వీధిలైట్లు, బస్సు. ఇవి లేకుండా తాళంచెవులు ఇస్తే, మనం ఇంకా అద్దె గదిలోనే ఉంటాం, అక్కడ కొత్త ఇల్లు ఖాళీగా ఉంటుంది.

ఒక మాట మనలో మనం కూడా అనుకోవాలి. మన సభ్యుల్లో రెండు గదులు అద్దెకు ఇచ్చుకునేవాళ్లు ఉన్నారు, ఆ గదుల్లో అద్దెకుండే సభ్యులూ ఉన్నారు. గదులు కట్టినందుకు ఎవరినీ తప్పుపట్టం, అసలు ఊరికి ఇళ్లు పెంచింది వాళ్లే. కానీ ఆరు నెలల అడ్వాన్సు అడిగితే ఇంకో అక్క నూటికి ఐదు రూపాయల వడ్డీకి పోవాల్సి వస్తుంది. 2021లో కేంద్రం రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టంలో అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదని ఉంది. రాష్ట్రం చట్టం చేస్తేనే అది అమలవుతుంది. అయితే మనం పాటించడానికి చట్టం దాకా ఆగాలా? దీన్ని ఈ సభలోనే తేల్చుకుందాం.

చివరిగా పని మాట. ప్రతి సంఘం వచ్చే నెల సమావేశంలో ఒక కాగితం రాయాలి. సొంతిల్లు ఎవరికి ఉంది, స్థలం ఉండి కట్టలేనివాళ్లు ఎవరు, అద్దెలో ఎవరు, ఎంత కడుతున్నారు, పని ఎక్కడ, ఎట్లాంటి ఇల్లు కావాలి అని రాయండి. ఒంటరి ఆడవాళ్ల పేర్లు మొదట రాయండి, ఎందుకంటే వాళ్లే జాబితాల్లో తప్పిపోతారు. ఆ కాగితాలన్నీ కలిపి వార్డుల వారీగా కమిషనర్ గారికి, కౌన్సిలర్లకు ఇద్దాం.

ఇళ్లు ఇప్పించండి అని గుంపుగా వెళ్తే చూద్దాం అంటారు. ఏ వార్డులో ఎందరికి, ఏ రకం ఇల్లు కావాలో లెక్కతో వెళ్తే కూర్చోబెట్టి వినక తప్పదు. లెక్క రాయడం మనకు కొత్త కాదు కదా.