లీజు లారీకి ఓనరెవరు?



ఈ ఉపన్యాసం ఎవరి పేర జరుగుతోందో ఆ వకీలుగారు జీవితమంతా రోడ్డు ప్రమాదాల కేసులే నడిపారు. ఆయన్ను తలచుకోవడానికి వడమాలపేటలో ఇంతకన్నా తగిన విషయం నాకు తోచలేదు. పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా చెన్నై పోయే లారీలు ఎస్వీ పురం టోల్‌గేటు దాటి రాత్రింబవళ్లు నడుస్తూనే ఉంటాయి. ఆర్సీలో ఒకరి పేరుండి, బండి మరొకరి చేతిలో తిరిగే లారీలు వాటిలో తక్కువేమీ కాదు.

లీజు కాగితం మీరంతా చూసిందే. స్టాంపు పేపరు మీద నెలకింత బాడుగ అని ఉంటుంది. డీజిలు, టైర్లు, డ్రైవరు బత్తా తీసుకున్నాయనవి. చివర్లో, యాక్సిడెంటు అయితే తనకేమీ సంబంధం లేదని ఓనరు రాయించుకున్న మాట. ఆ మాట వాళ్లిద్దరి మధ్యే చెల్లుతుంది. లారీ కింద పడ్డ మనిషి ఆ కాగితం మీద సంతకం పెట్టలేదు.

1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 2(30) ప్రకారం ఆర్సీలో పేరున్నవాడే ఓనరు. హైర్ పర్చేజ్, లీజు, హైపోథికేషన్ ఒప్పందాలుంటే మాత్రం, ఆ ఒప్పందం కింద బండిని స్వాధీనంలో పెట్టుకున్నవాడు ఓనరు. 1939 చట్టపు నిర్వచనంలో లీజు ఊసే లేదు. మన రాష్ట్రం నుంచే వెళ్లిన గోదావరి ఫైనాన్స్ కేసులో 2008లో సుప్రీంకోర్టు అప్పిచ్చిన సంస్థ మీద బాధ్యత లేదంది. అది న్యాయమే. వాయిదాలు వసూలు చేసుకునే సంస్థ డ్రైవరును పెట్టదు, బ్రేకులు చూడదు.

లారీ ఓనరును అదే గాటన కట్టడం నాకు సమ్మతం కాదు. బండి ఎవరి చేతికిస్తున్నాడో ఆయనకు తెలుసు, ఇన్సూరెన్సు ఉందో లేదో తెలుసు. ఇన్సూరెన్సు ఉంటే చిక్కు తక్కువే. ఉత్తరప్రదేశ్ ఆర్టీసీ అద్దెకు తీసుకున్న ప్రైవేటు బస్సు కేసులో, బస్సు కార్పొరేషన్ అదుపులో ఉందన్న సాకుతో బీమా కంపెనీ తప్పించుకోలేదని 2011లో సుప్రీంకోర్టు తేల్చింది. అసలు బాధ పాలసీ గడువు తీరిపోయినప్పుడే. ఓనరు లీజుదారును చూపిస్తాడు, లీజుదారు ఓనరును చూపిస్తాడు. ఆర్సీ తమిళనాడుదైతే చనిపోయినవాడి భార్య ఎవరి గడప తొక్కాలి?

2018 ఫిబ్రవరి 6న నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ బాధను గుర్తించింది. అక్కడ కారు వరసగా చేతులు మారింది, ఆర్సీలో పేరు మాత్రం మారలేదు. కొన్నవాళ్లందరినీ వెతుక్కుంటూ తిరిగే పని బాధితుల నెత్తిన పెట్టకూడదని, ఆర్సీలో ఉన్నవాడే బాధ్యుడని చెప్పింది. అది అమ్మకం కేసు. ఆ న్యాయమే లీజుకూ వర్తించాలని నేను గట్టిగా కోరుతున్నాను. లీజును ఆర్సీలో ఎక్కించే ఏర్పాటు సెక్షన్ 51లో ఉంది. అలా ఎక్కించని లీజును బాధితుల ముందు సాకుగా చెప్పే హక్కు ఓనరుకు ఉండకూడదు. కట్టిన డబ్బు లీజుదారు దగ్గర రాబట్టుకోవడం ఆయన పని.

చట్టం మారేదాకా, ట్రిబ్యునల్‌లో పరిహారం కోసం ఓ.పి. వేసే యువ న్యాయవాదులకు ఒక్క మనవి. డ్రైవరుతో, బీమా కంపెనీతో పాటు ఓనరును, లీజుదారును ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. 2022 ఏప్రిల్ నుంచి అమలైన నిబంధనల ప్రకారం పోలీసులు 48 గంటల్లో ట్రిబ్యునల్‌కు తొలి నివేదిక పంపాలి. స్టేషనుకు వెళ్లి, లీజు కాగితం ఉంటే దాని నకలు అప్పుడే ఫైలులోకి ఎక్కేలా చూడండి.