చుట్టు పరుగా? చిన్న జట్ల ఆటా?

దేవరకొండ దుర్గము నీడలో సాయంకాలము బంతి తన్నుకొను పిల్లలకు ఉత్సాహము కొదవ లేదు. ఆట ముగియువరకు నిలుచు దమ్ము వారికెట్లు కలుగును? మూడు పద్ధతులను నేడు పోల్చి చూతము.

మొదటిది అందరెరిగినదే: మైదానము చుట్టును ఏకధాటి పరుగు. దీనివలన ఓర్పు కలుగును. కాని ఫుట్‌బాల్ ఆటగాడు ఒకే వేగముతో పోవువాడు కాడు. నడచును, ఉరుకును, నిలుచును, చటుక్కున మళ్లును.

రెండవది విరామముల పరుగు. నాలుగు నిమిషములు రొప్పు వచ్చునట్లు పరుగు, మూడు నిమిషములు మెల్లని పరుగు. ఇట్లు నాలుగు మారులు. నార్వేలో యువ ఆటగాండ్రు వారమునకు రెండు దినముల చొప్పున ఎనిమిది వారములు ఇట్లు సాధన చేయగా, పోటీలో వారు పరుగెత్తిన దూరము సుమారు 20 శాతము పెరిగినదని 2001లో వెలువడిన పరిశోధన తెలిపినది.

మూడవది చిన్న జట్ల ఆట. కురుచ స్థలములో నలుగురికి నలుగురు, పై కాలపరిమితి ప్రకారమే ఆడుదురు. ఈ రెండింటిని పోల్చి 2006లో ప్రకటించిన పరిశోధనలో 12 వారములకు ఉభయుల దమ్మును సమానముగా వృద్ధి చెందినది. ఆటతో సాధించినవారికి బంతిపై అభ్యాసము అదనపు లాభము.

ఈ మార్గము మనకు క్రొత్త గాదు. 1951, 1962 ఆసియా క్రీడలలో భారత జట్టును స్వర్ణ పతకమునకు నడిపిన హైదరాబాదు శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం ఉపాధ్యాయ వృత్తినుండి వచ్చినవారే. బలహీనమైన కాలితోనే ఆడవలెనను నియమముతో ఆయన పిల్లలకు పోటీలు నడిపిరి.

కావున గ్రామ పాఠశాలకు మూడవ పద్ధతియే అనుకూలమని మా అభిప్రాయము. గోలుకు నాలుగు రాళ్లు, రెండు బంతులు, ఒక గడియారము చాలును. బంతి వెలుపలికి పోయినచో రెండవదానిని వెంటనే లోనికి వేయవలెను. లేనిచో శ్రమ తగ్గి ఫలితము సన్నగిల్లును. తప్పు చేసిన బాలునికి చుట్లు శిక్షగా విధింపరాదు. అట్టివానికి పరుగన్ననే ఏవగింపు పుట్టును.

నల్లగొండ సీమ ఎండను మరువరాదు. వేసవిలో సాధన ఉదయమే ముగియవలెను. దాహమును ఓర్చుకొనుట బలమను మాట అపోహ. విరామము విరామమునకు నీరీయవలెను. తల తిరిగినను, మాట తడబడినను తక్షణమే ఆట నిలిపి, నీడకు చేర్చి, ఒడలిని నీటితో తడిపి విసరుచు, వైద్యుని పిలిపింపవలెను. పిల్లవాని ప్రాణముకన్న ఏ పతకమును గొప్పది గాదు.