కావలివాడే తలుపు మూసిన వేళ

2024వ సంవత్సరం జులై 19వ తేదీ, శుక్రవారం. ఆనాడు శంషాబాదు విమానాశ్రయంలో కొందరు ప్రయాణికుల చేతికి అందిన బోర్డింగు పాసులు అచ్చుయంత్రంనుండి వచ్చినవి కావు. పేరు, విమానం సంఖ్య, ఆసనం సంఖ్య అన్నీ సిబ్బంది కలంతో వ్రాసి ఇచ్చినవే. మాదాపూరు, గచ్చిబౌలి ప్రాంతాల గాజుమేడలలో పనికి కూర్చున్న ఉద్యోగులు పలువురి ఎదుట కంప్యూటరు తెర నీలిరంగుకు తిరిగింది. యంత్రం తనంతట తాను ఆగి, మళ్ళీ మొదలై, మళ్ళీ నీలమై, ఎంతకూ పనిలోకి రాలేదు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుండి, దేశదేశాల యంత్రాల బాగోగులు చూడటంలో పేరుపడిన ప్రాంతమది. వైద్యుని ఇంటనే జ్వరం ప్రవేశించినట్లయింది.

ఇది ఏ శత్రువో చేసిన పని అని చాలమంది తొలుత భయపడినారు. నిజమేమంటే, శత్రువును అడ్డగించుటకై నియమించుకున్న కావలివాడే ఇందుకు కారణం. అమెరికాకు చెందిన క్రౌడ్‌స్ట్రైక్ అనే సంస్థ సంస్థలకూ కార్యాలయాలకూ ఫాల్కన్ అనే రక్షణ సాఫ్ట్‌వేరును అమ్ముతున్నది. ఆనాటి ఉదయం మన గడియారం ప్రకారం 9 గంటల 39 నిమిషాలకు, ఆ సంస్థ తన కావలివానికి కొత్త దొంగల ఆనవాళ్ళు తెలిపే ఒక చిన్న ఫైలును పంపింది. అందులో 21 అంశాలు ఉండునని ఒకచోట నిర్ణయించారు. వాటిని చదివే భాగానికి అందినవి 20 మాత్రమే. లేని ఇరువది ఒకటవ అంశం కోసం ఆ ప్రోగ్రాము తనది కాని చోట చెయ్యి పెట్టింది. పంపకముందు పరీక్షించవలసిన మరొక ప్రోగ్రాము కూడ పొరబడి, ఫైలు బాగున్నదని వదలివేసింది.

ఒక చిన్న ఫైలులోని తప్పుకు కంప్యూటరంతా ఎందుకు కూలవలె? సామాన్యమైన ప్రోగ్రాములో పొరపాటు జరిగితే ఆ ప్రోగ్రాము మాత్రమే ఆగిపోతుంది. తక్కినవి నడుస్తూనే ఉంటాయి. కాని రక్షణ సాఫ్ట్‌వేరు కావలి కాయవలెనంటే దొంగకన్న ముందే మేలుకోవలె. అందుచేత అది విండోస్ వ్యవస్థకు గర్భగుడివంటి కెర్నెల్ అనే భాగంలో చోటు సంపాదించి, మనం తెరమీద సంకేతపదం కొట్టకముందే లేచి కూర్చుంటుంది. అక్కడ తప్పు జరిగితే, మన సమాచారం చెడిపోకుండా కాపాడుటకై విండోస్ మొత్తం యంత్రాన్నే ఆపివేస్తుంది. ఆ నీలితెర అర్థమదే. మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ ఆ కావలివాడే ముందుగా లేచి, అదే చోట తూలిపడతాడు.

కంచే చేను మేసిందనే సామెత ఇక్కడ నోటికి వస్తుంది గాని, అది పూర్తిగా సరిపడదు. కంచె చేనును మేయలేదు. వాకిటికి అడ్డంగా పడి, రైతునే లోనికి పోనీయలేదు.

సంస్థ 78 నిమిషాలలో ఆ ఫైలును వెనుకకు తీసుకున్నది. అప్పటికే సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు దెబ్బతిన్నవని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. లోకంలోని విండోస్ యంత్రాలలో ఇది నూటికి ఒకటికన్న తక్కువ. అయినను అవి విమానాశ్రయాలలోను, ఆసుపత్రులలోను ఉన్న యంత్రాలు కావటంచేత లోకమంతా ఆ దెబ్బను ఎరిగింది. మన దేశంలో స్వల్పంగా ఇబ్బందిపడిన బ్యాంకులు, ఆర్థిక సంస్థలు కలిపి పది మాత్రమేనని రిజర్వు బ్యాంకు తెలిపింది. మరునాడు తెల్లవారుజామున 3 గంటలనుండి విమానసంస్థల యంత్రాలు సవ్యంగా పనిచేయసాగినవని కేంద్ర పౌరవిమానయాన మంత్రి, మన శ్రీకాకుళంవారే అయిన శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు ప్రకటించారు.

ఫైలును ఉపసంహరించినంత మాత్రాన పడిన యంత్రాలు లేవలేదు. లేవని యంత్రానికి దూరంనుండి కబురు ఎట్లా అందుతుంది? చాల యంత్రాల వద్దకు మనిషి స్వయంగా పోవలసి వచ్చింది. సేఫ్ మోడ్ అనే పరిమిత స్థితిలో దానిని మేల్కొల్పి, డ్రైవర్ల ఫోల్డరులో క్రౌడ్‌స్ట్రైక్ పేరుగల చోటికి పోయి, 291 అనే సంఖ్యగల ఆ ఒక్క ఫైలును చెరిపివేసి, తిరిగి మొదలుపెట్టవలె. చెప్పుటకు నాలుగు మాటలు. కాని డిస్కుకు బిట్‌లాకర్ తాళం వేసి ఉంటే, ముందుగా 48 అంకెల సంఖ్యను తప్పులేకుండ కొట్టవలె. ఒక్కొక్క యంత్రానికి ఒక్కొక్క సంఖ్య. లక్షల యంత్రాలను ఒక్క మీటతో దిద్దగలమనుకున్న కాలంలో, మనిషి చేయీ ఓపికా మళ్ళీ అవసరమైనవి.

ఫాల్కన్ ఇండ్లలో వాడేది కాదు కనుక ఇది మనకు పట్టని సంగతి అని శ్రోతలు అనుకోవచ్చును. మా ఇంట జరిగినది చెబుతాను. కంప్యూటరుతోపాటు ఒక రక్షణ ప్రోగ్రాము వచ్చింది. మా అబ్బాయి మరింత భద్రత కోసమని ఇంకొకటి చేర్చినాడు. ఒక వాకిట ఇద్దరు కావలివాండ్లు నిలిచి ఒకరినొకరు అనుమానించసాగినారు. మా మేనకోడలు విద్యార్థివేతనానికి దరఖాస్తు పంపవలసిన చివరి రాత్రి, యంత్రం లేవలేదు. సరిచేయబోతే 48 అంకెలు అడిగింది. ఆ అంకెలు ఉన్నవని కూడ మాకెవ్వరికీ తెలియదు. రెండు వారాలు దిద్దుకున్న వ్యాసం లోపల ఉండిపోగా, ఆ పిల్ల పొరుగింటి కంప్యూటరుమీద గంటసేపట్లో మరొకటి వ్రాసి పంపింది. విద్యార్థివేతనం రాలేదు. కారణం అదేనని చెప్పలేను, కాదనీ చెప్పలేను. అంకెలు మరునాడు ఆమె మైక్రోసాఫ్ట్ ఖాతాలోనే దొరికినవి.

అందుచేత కొన్ని సంగతులు మనవి చేస్తాను. ఒక యంత్రానికి ఒక్క కావలివాడు చాలు. విండోస్‌లో స్వతహాగా డిఫెండర్ ఉన్నది. బయటిది తీసివేస్తే అది సాధారణంగా తానే బాధ్యత వహిస్తుంది. యంత్రం వరుసగా కొన్నిమార్లు లేవలేకపోతే, మరమ్మతు తెర దానంతట అదే కనిపిస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, పిమ్మట అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, ఆపైన స్టార్టప్ సెట్టింగ్స్ ఎంచుకొని తిరిగి మొదలుపెట్టి, 4వ అంకె నొక్కితే సేఫ్ మోడ్ వస్తుంది. బయటి ప్రోగ్రాములు పలుమటుకు అప్పుడు లేవవు. కొత్తగా చేర్చిన రక్షణ ప్రోగ్రామును అక్కడ తొలగించి చూడవచ్చును. సేఫ్ మోడ్‌లో యంత్రం లేచి, మామూలుగా లేవకపోతే, దోషం చేర్చిన ప్రోగ్రాములలోనో డ్రైవర్లలోనో ఉండవచ్చునని గ్రహించవలె. ఆ 48 అంకెలను ఈ రాత్రే కాగితంమీద వ్రాసి, ఇంటి పత్రాలతో పాటు దాచండి. ముఖ్యమైన వ్రాతలకు మరొకచోట ప్రతి ఉంచండి. బాగుచేస్తామని ఫోనుచేసే అపరిచితులను నమ్మవద్దు. 2024లో ఈ గందరగోళాన్ని ఆసరాగా చేసుకొని మోసగాండ్లు బయలుదేరినారని భారత ప్రభుత్వపు సెర్ట్-ఇన్ సంస్థ హెచ్చరించవలసి వచ్చింది.

ఇట్టిది మొదటిసారి కాదు. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ సంస్థ పంపిన ఫైలు, విండోస్ ఎక్స్‌పీ యంత్రాలకు ప్రాణమైన ఒక భాగాన్నే వైరస్ అని భ్రమించి తొలగించింది. అప్పుడూ యంత్రాలు ఇట్లే లేస్తూ పడుతూ ఉండినవి. 2024 తరువాత క్రౌడ్‌స్ట్రైక్ తన ఫైళ్ళను అందరికీ ఒక్కసారి కాక, విడతలుగా పంపే ఏర్పాటు చేసింది. రక్షణ ప్రోగ్రాములు కెర్నెల్ వెలుపలనుండే కావలి కాసే మార్గాన్ని మైక్రోసాఫ్ట్ 2025లో సిద్ధపరచసాగింది. రెండును మంచివే.

కావలివాడు వద్దని నేననను. దొంగలున్నంతకాలం అతడు ఉండవలసినదే. కాని ఇంటి తాళాలన్నీ అతనికి అప్పగించి, మన వద్ద ఒక్కటైనా ఉంచుకోకపోవటం గృహస్థు ధర్మం కాదు. ఆనాడు శంషాబాదులో విమానం ఎక్కించినది ఒక కలమూ, ఒక కాగితమూ. మీ ఇంట కూడ ఆ రెండూ ఉన్నవి. ఆ అంకెలు వ్రాసుకొనుటకు అవి చాలును.