పాతరలోని ప్రాణము



ప్రాణము గలదానికిని లేనిదానికిని భేదమేమని యడిగినచో, కదలునది ప్రాణి యని పిల్లలు చటుక్కున చెప్పుదురు. అట్లయిన వానకాలమున మన కమలాపురము చెంత పారు పాపఘ్ని ప్రాణి కావలెను. పెరుగునది ప్రాణి యందమా, ఉప్పుమడిలో ఉప్పుపలుకులును పెరుగుచున్నవి. నిప్పు గాలిని గ్రహించును, కట్టెలను తినును, ఒక కొంపనుండి వేరొక కొంపకు సంతానమువలె వ్యాపించును. అయినను నిప్పునకు ప్రాణమున్నదని యెవ్వరు నమ్ముదురు?

ఇక కదలక, పెరుగక, మూటలో పడియుండు జొన్నగింజ మాట యేమి? దీనికి సమాధానము నాకు పుస్తకమున గాక పాతర యొద్ద దొరకినది. నా బాల్యమున మా యింటి ముందట జొన్నల పాతర యుండెడిది. దాని మూత తీసిననాడు మా పాలేరు గంపతో దిగబోగా, మా తాత వాని భుజము పట్టి వెనుకకు లాగి, త్రాటికి లాంతరు గట్టి లోనికి విడిచెను. సగము దిగకమునుపే దీప మారిపోయెను. గింజలు గాలిని త్రాగివేసినవనియు, మధ్యాహ్నము దాక నాగవలెననియు ఆయన చెప్పెను. భయపెట్టుటకు చెప్పిన మాట యని నేనప్పుడు తలంచితిని.

ఆ మాట నిజమే. గింజ బ్రతికియున్నంత కాలము తనలోని పిండిని కొంచెము కొంచెముగా ఖర్చుచేసికొనుచు, ప్రాణవాయువును గ్రహించి బొగ్గుపులుసు వాయువును విడుచును. తేమ తగిలెనా, ఆ శ్వాస హెచ్చును, గింజ వేడెక్కును, పురుగును బూజును తోడగును. ఆ వాయువు గాలికంటె బరువైనది గనుక అడుగున నిలిచిపోవును. ఇట్లు పాతరలలో దిగి ప్రాణములు గోల్పోయినవారు గలరు. దీపము వెలిగినంత మాత్రమున పాతరగాని పాడుబావిగాని నిరపాయమని తలంపరాదు. ఈ యొక్క మాట గట్టిగా చెప్పి ముందునకు పోయెదను.

కాబట్టి ప్రాణి యనగా పైకి కదలునది కాదు, లోపల పనిచేయునది. ఆహారమును తనదిగా మార్చుకొని, దానినుండి బలము దీసి, తన యొడలిని తానే నిలుపుకొని, తనవంటి దానిని పుట్టించునది. నిప్పు కట్టెను బూడిద చేయునే కాని కట్టెతో తన యొడలిని కట్టుకొనదు. ఈ పని జరుగు చోటు జీవకణము. మన దేహమున కోటానుకోట్ల కణములు గలవు. పాలను పెరుగు చేయు సూక్ష్మజీవికి ఒక్కటే. ఆ కణములో బలమును చేతులు మార్చు నాణెమువంటి పదార్థ మొకటి గలదు. దాని పేరు ఎడినోసిన్ ట్రైఫాస్ఫేటు. 1929లో దానిని కండరములందు కనుగొన్నవారిలో, 1895లో భీమవరమున జనించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగా రొకరు. అమెరికాలోని హార్వర్డు వైద్య కళాశాలలో ఫిస్కె పండితునితో గూడి ఆయన యీ పని చేసెను. జర్మనీలో లోమన్ అను నాతడును అదే యేట కనుగొనెను. పిమ్మట వెదకగా ఎద్దులోను, వేపచెట్టులోను, పెరుగులోని సూక్ష్మజీవిలోను అదే పదార్థము! మన పూర్వులు ఉద్భిజ్జములను జరాయుజములతోను అండజములతోను ఒక్క పంక్తిని కూర్చుండబెట్టుట ఊరక కాదు. స్వేదజముల మాట మాత్రము నిలువలేదు. పేను చెమటనుండి గాక ఈపినుండియే పుట్టును.

ఇక విత్తనముల సంగతి. చచ్చిన గింజయు నీటిలో నానిన ఉబ్బును గనుక ఉబ్బుటను నమ్మవలదు, మొలకయే సాక్షి. విత్తుటకు పది దినములు ముందుగా నూరు జొన్నగింజలను లెక్కించి తడిగుడ్డలో చుట్టి, తడి యారనీయక నాలుగైదు దినములు చూడుడు. 75కు తక్కువ కాకుండ మొలచినచో చేనికి పంపుడు. సగమే మొలచినచో, మందు కలపని గింజలైన పక్షమున, వంటయింటికి పంపుడు.