వకీలును పెట్టుకోకుండా విడాకులు



విడాకుల మాట నలుగురిలో ఎత్తాలంటే మనకు మొగమాటం. ఆడమనిషి నోట ఆ మాట వస్తే "కాపురం చెడగొట్టుకుంటవా?" అంటారు. ఎవరి కాపురమూ విడదీయటానికి నేను రాలేదు. కలిసి బతికే వీలుంటే బతకండి. కాని బౌరంపేట్ అయినా, ఇంకో ఊరైనా, ఏండ్ల తరబడి తల్లిగారింట్లోనే ఉండిపోయిన ఆడబిడ్డలు ఉన్నారు. కోర్టుకు ఎందుకు పోలేదమ్మా అంటే, "వకీలుకు ఇయ్యనీకి పైసలు యాడున్నయి?" అంటారు.

అందుకని ముందు ఆ సంగతే చెబుతాను. భార్యాభర్తల తగాదాల కోసం 1984లో ఒక చట్టం చేశారు. దాని కింద వచ్చినవే ఫ్యామిలీ కోర్టులు. అక్కడ వకీలు తప్పనిసరి కాదు. మన మాట మనమే జడ్జిగారికి చెప్పుకోవచ్చు. అందరి ముందూ చెప్పటం సిగ్గనిపిస్తే, తలుపులు మూసి వినమని అడగవచ్చు. మనం అడిగితే జడ్జి ఒప్పుకోవాలి.

మన ఊళ్లలో ఇంకో పద్ధతి ఉంది. పెద్దమనుషులు కూర్చుంటారు. స్టాంపు కాగితం మీద రాయిస్తారు. ఇద్దరి చేతా సంతకాలు పెట్టించి "అయిపోయింది, పొండి" అంటారు. ఆ కాగితంతో పెండ్లి రద్దు కాదు. కొన్ని కులాల్లో పాత ఆచారం ప్రకారం విడిపోవటాన్ని చట్టం ఒప్పుకుంటుంది. అయితే ఆ ఆచారం ఉన్నదని కోర్టులో రుజువు చెయ్యాలి. కాగితాన్ని నమ్మి మళ్లీ పెండ్లి చేసుకుంటే చిక్కుల్లో పడేది మనమే.

ఇద్దరికీ ఇష్టమైతే దారి సులువు. హిందూ వివాహ చట్టం 1955లో వచ్చింది. ఇద్దరి ఇష్టంతో విడిపోయే వీలు 1976లో అందులో చేర్చారు. ఏడాది పాటు విడిగా ఉండాలి. ఒకే ఇంట్లో ఉన్నా ఆలుమగలుగా లేకపోతే విడిగా ఉన్నట్టే లెక్క. ఇద్దరూ కలిసి అర్జీ పెట్టాలి. ఆరు నెలలు ఆగాలి. పద్దెనిమిది నెలలు దాటకముందే మళ్లీ ఇద్దరూ వచ్చి "అవును" అనాలి. అన్నీ తేలిపోయి, కలిసే ఆశ లేదనుకుంటే ఆ ఆరు నెలల గడువును జడ్జి తగ్గించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఆ ఆరు నెలలు ఎందుకు పెట్టారు? హిమాచల్ ప్రదేశ్‌లో జరిగిన ఒక కేసు చెబుతాను, వినండి. 1985 జనవరిలో హమీర్‌పూర్ జిల్లా కోర్టులో ఆలుమగలు ఇద్దరూ ఇలాంటి అర్జీయే పెట్టారు. ఇద్దరూ ఒప్పుకున్నట్టు కోర్టు రాసుకుంది. వారం తిరగకముందే ఆ భార్య మళ్లీ కోర్టుకు వచ్చింది. "నన్ను బెదిరించి ఒప్పించారు. నా వాళ్లను వెంట రానియ్యలేదు. నాకు విడాకులు వద్దు" అని రాసి ఇచ్చింది. జిల్లా కోర్టు అర్జీని కొట్టేసింది. హైకోర్టు మాత్రం విడాకులు ఇచ్చేసింది. ఆమె వదలలేదు. ఢిల్లీ దాకా పోయింది. 1991 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ విడాకులు రద్దు చేసింది. తీర్పు వచ్చేదాకా ఇద్దరి ఇష్టమూ ఉండాలి, ఒకరు కాదంటే చెల్లదు అని చెప్పింది.

ఆరేండ్లు పట్టింది ఆమెకు. మనం సంతకానికి ముందే చదువుకుంటే ఆ తిప్పలు ఉండవు. ఇప్పుడు మీకు చదువు వచ్చింది గదా! అర్జీని ఇంటికి తెచ్చుకుని నిదానంగా, వేలు పెట్టి చదవండి. ఇంగ్లీషులో రాస్తే తెలుగులో చదివి చెప్పించుకోండి. పెండ్లి తేదీ సరిగా ఉందా? ఎప్పటి నుంచి విడిగా ఉన్నారో రాశారా? పిల్లలు ఎవరి దగ్గర ఉంటారు? నెలకు ఎంత ఇస్తాడు? తల్లిగారు పెట్టిన బంగారం, సామాను ఎప్పుడు తిరిగి ఇస్తాడు? "నాకు ఏమీ వద్దు" అనే మాట ఎక్కడో ఒక మూల ఉంటుంది. దాన్ని వెతకండి. తల్లిగారు మీకని పెట్టిన బంగారం మీదే. 1985లో సుప్రీంకోర్టు ఈ మాట చెప్పింది.

అర్జీతో పాటు పెండ్లి ఫోటో, పెండ్లి కార్డు, ఆధార్ కార్డు నకలు తీసుకుపోండి.

ఆయన ఒప్పుకోకపోతే? కొట్టటం, హింస పెట్టటం, రెండేండ్లకు మించి వదిలేసిపోవటం లాంటి కారణాలు చూపాలి. సాక్షులను తేవాలి. అవతలి వకీలు గుచ్చి గుచ్చి అడుగుతాడు. ఇక్కడ ఒంటరిగా పోవద్దని నా మాట. డబ్బు పెట్టే పని మాత్రం లేదు. 1987 చట్టం ప్రకారం ఏ ఆడమనిషికైనా సర్కారే ఉచితంగా వకీలును ఇస్తుంది. ఆమెకు ఎంత ఆస్తి ఉన్నా సరే. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో తెల్ల కాగితం మీద రాసి ఇవ్వండి. లేదా 15100 నంబరుకు ఫోన్ చెయ్యండి. మీకు ఏ కోర్టు వస్తుందో కూడా అక్కడే అడగండి. కేసు నడిచినన్నాళ్లు మీ తిండికి, ఖర్చులకు భర్త చేత ఇప్పించమని కూడా కోర్టును అడగవచ్చు.

"మా అత్తగారిది దూరపు ఊరు, అక్కడికి పోవాల్నా?" అంటారు. అక్కర్లేదు. 2003 నుంచి భార్య తాను ఉంటున్న చోటే కేసు వేయవచ్చు.

నేను చెప్పిన పెండ్లి చట్టం హిందువులది. ముస్లింలకు, క్రైస్తవులకు వేరే చట్టాలు ఉన్నాయి. ఉచిత వకీలు మాత్రం అందరికీ ఉంది.

తీర్పు వచ్చిన రోజే ఇంటికి వచ్చేయకండి. కోర్టు ముద్ర ఉన్న నకలు కోసం అర్జీ పెట్టండి. అది చేతికి వచ్చాక పేర్లు, తేదీలు సరిచూసుకోండి. రెండు జిరాక్సులు తీయించి, ఒకటి అమ్మ దగ్గర దాచండి.